చెరువుగట్ల మీది మెష్ నెట్‌వర్క్‌లో తెల్లవారుజామున ప్యాకెట్లు ఎందుకు పోతున్నాయి?

ఉండి_చెరువుగట్టు

సభ్యులందరికీ నమస్కారం. ఉండి, ఆకివీడు మధ్య కొందరు రైతులు కలిసి తమ వనామీ చెరువుల మీద పెట్టుకున్న మెష్ నెట్‌వర్క్ (నోడ్లు ఒకదాని సందేశాన్ని మరొకటి అందుకుని ముందుకు పంపే ఏర్పాటు) నిర్వహణ నేను చూస్తున్నాను. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, ఉష్ణోగ్రతను కొలిచే నోడ్లు మొత్తం 40 ఉన్నాయి. ఒక్కొక్కటి గట్టు మీద ఇనుప గొట్టానికి, నీటి మట్టం నుంచి సుమారు 3 మీటర్ల ఎత్తున బిగించి ఉంది. రేడియో 2.4 గిగాహెర్ట్జ్‌లో నడిచే ఐఈఈఈ 802.15.4 రకం, వేగం సెకనుకు 250 కిలోబిట్లు. దూరపు చెరువుల కొలతలు మధ్యలోని నోడ్ల మీదుగా మూడు నాలుగు హాప్‌లలో (అంచెలలో) మేత షెడ్డు మీదున్న, కొలతలన్నీ సేకరించే గేట్‌వేకు చేరతాయి.

పగటిపూట ఏ ఇబ్బందీ లేదు. నోడు పదిహేను నిమిషాలకు ఒకసారి మాత్రమే పంపుతుంది కాబట్టి దాదాపు అన్నీ చేరుతున్నాయి. ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గిందంటే మాత్రం ప్రతి నోడూ అయిదు సెకన్లకు ఒకసారి, వెనకటి కొలతలను కూడా కలిపి, దాదాపు నిండు ఫ్రేము (రేడియో ఒక్క విడతలో పంపే సమాచారపు మూట) పంపడం మొదలుపెడుతుంది. తెల్లవారుజామున మూడున్నర, నాలుగు గంటల వేళ అన్ని చెరువుల్లోనూ ఆక్సిజన్ ఇంచుమించు ఒకేసారి పడిపోతుంది కదా, సరిగ్గా అప్పుడే దూరపు చెరువుల కొలతలు రావడం మానేస్తున్నాయి. ఏ కొలతల కోసమైతే ఈ నెట్‌వర్క్ పెట్టుకున్నారో అవే అందడం లేదు. రేడియో శక్తి పెంచాలా, మరి నాలుగు నోడ్లు చేర్చాలా, లేక మాధ్యమాన్ని పంచుకునే పద్ధతినే మార్చాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాము.

కాకినాడ_రేడియో

మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే ఇది సిగ్నల్ బలం సమస్య కాదు, ఎవరు ఎప్పుడు మాట్లాడాలన్న సమస్య. మీ రేడియోలు వాడుతున్నది సీఎస్‌ఎమ్‌ఏ పద్ధతి: పంపదలచిన నోడు కొంతసేపు యాదృచ్ఛికంగా ఆగి, గాలిలో మరొకరు లేరని విని, ఆపైన పంపుతుంది. ఆ ఆగే సమయం ఎంతో ఒకసారి లెక్క వేసి చూడండి. 802.15.4 ప్రమాణంలో ఒక బ్యాకాఫ్ (ఆగే సమయం) ప్రమాణం 320 మైక్రోసెకన్లు. ముందుగా నిర్ణయించిన విలువల ప్రకారం మొదటి ప్రయత్నంలో 0 నుంచి 7 ప్రమాణాల వరకు ఆగుతారు, అంటే ఎక్కువలో ఎక్కువ 2.24 మిల్లీసెకన్లు. నిండు ఫ్రేము 127 బైట్లు, దాని ముందుండే 6 బైట్లతో కలిపి 133. బైటుకు 32 మైక్రోసెకన్ల చొప్పున గాలిలో 4.256 మిల్లీసెకన్లు పడుతుంది.

కాబట్టి ఒకరి మాట ఒకరికి వినపడని రెండు నోడ్లు ఒకే క్షణంలో పంపాలనుకుంటే, అవి ఎంత ఆగినా మొదటి ప్రయత్నంలో రెండు ఫ్రేములూ ఒకదాని మీద ఒకటి పడక తప్పదు, ఎందుకంటే ఆగే గరిష్ఠ సమయమే ఫ్రేము నిడివిలో దాదాపు సగం. ఛానెల్ ఖాళీగా లేదని విన్నప్పుడు మాత్రమే ఆ ఆగే సమయపు పరిమితి పెరిగి, చివరికి 31 ప్రమాణాలకు, అంటే 9.92 మిల్లీసెకన్లకు చేరుతుంది. అవతలి నోడు వినపడదు కాబట్టి అది పెరగదు. మూడు మారుప్రయత్నాలు అయ్యాక ఫ్రేమును వదిలేస్తారు.

షెడ్డుకు ఇటు ఒక చెరువు, అటు ఒక చెరువు ఉండి, మధ్య గట్టు మీద కొబ్బరి వరుస ఉంటే ఆ రెండు చెరువుల నోడ్లూ గేట్‌వేకు వినపడతాయి, ఒకదానికొకటి వినపడవు. మంచు పట్టిన మట్టలు 2.4 గిగాహెర్ట్జ్‌ను బాగానే మింగుతాయి. వైఫైలో దీనికి విరుగుడుగా ముందు చిన్న అనుమతి సందేశాలను ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు ఉంది కానీ 802.15.4 ప్రమాణంలో అలాంటిది లేదు. ఇంత చిన్న ఫ్రేములకు అది పెట్టినా గిట్టదు.

ఇంకొక సంగతి. ఆక్సిజన్ అయిదు సెకన్లలో మారిపోయే రాశి కాదు. ఆ విరామాన్ని నిమిషానికి పెంచితే మొత్తం భారం పన్నెండో వంతుకు తగ్గుతుంది. అయినా అన్ని నోడ్ల గడియారాలూ గేట్‌వే నుంచే దిద్దుకుంటున్నాయి కనుక నిమిషం మొదట్లో నలభై నోడ్లూ ఒక్కసారే లేస్తాయి. సగటు భారం తగ్గినంత మాత్రాన ఆ ఒక్క క్షణపు గుంపు తగ్గదు.

అంబాజీపేట_కొబ్బరి

శక్తి పెంచితే ఆ దాగిన నోడ్లు ఒకరికొకరు వినపడతారు కదా. ముందుగా అది చేసి చూడకూడదా? ఖర్చు లేని పని.

కాకినాడ_రేడియో

కొంతవరకు నిజమే, షెడ్డు చుట్టుపక్కల నోడ్లకు అది మేలు చేస్తుంది. అయితే మెష్‌లో ఒక నోడు మాట ఎంత దూరం వినపడితే అంత దూరంలోని మిగిలిన వారంతా ఆ సేపు ఆగవలసిందే. ఒకే ఛానెల్ మీద వరుసగా నిలిచిన నోడ్ల గుండా సమాచారం ప్రవహించేటప్పుడు, ఆదర్శ స్థితిలో కూడా చివరకు మిగిలేది ఒక్క లంకె సామర్థ్యంలో నాలుగో వంతేనని, మామూలు 802.11 (వైఫై) పద్ధతితో ఏడో వంతుకు దిగుతుందని 2001లో ఎంఐటీ పరిశోధకులు చూపారు. శక్తి పెంచితే ఆ భిన్నం ఇంకా కిందికే పోతుంది. దూరపు చెరువులను ముందు దెబ్బతీసేది ఇదే.

దాళ్వా_రైతు

దాళ్వాలో గోదావరికి నీరు చాలనప్పుడు మన కాలువల మీద చేసేది ఏమిటి? ఎవరి తూము వారు ఇష్టం వచ్చినప్పుడు ఎత్తుకుంటే శివారు భూములకు చుక్క రాదు. అందుకే వంతులు పెడతారు, లస్కరు ఆ వంతు ప్రకారమే నీరు వదులుతాడు. రేడియోలకూ అలాంటి వంతు ఒకటి రాసిపెట్టి, ప్రతి నోడుకు తన సమయం తనకు ఇచ్చేస్తే గుద్దుకోవడమన్న ప్రశ్నే ఉండదు కదా. దీన్ని కాలవిభజన పద్ధతి, టీడీఎమ్‌ఏ అంటారని చదివాను. 802.15.4 రేడియోలతో అది సాధ్యమేనా, లేక వేరే పరికరాలు కొనాలా?

వశిష్ఠ_తీరం

సాధ్యమే, చాలావరకు ఉన్న రేడియోలతోనే. 2012లో వచ్చిన 802.15.4ఈ సవరణలో టీఎస్‌సీహెచ్ అనే విధానం ఉంది. కాలాన్ని సాధారణంగా 10 మిల్లీసెకన్ల గడులుగా కోస్తారు. ఒక గడిలో ఒక ఫ్రేము, దానికి అందినట్టు సమాధానం, రెండూ పూర్తవుతాయి. కొన్ని గడులు కలిస్తే ఒక చక్రం. ఆ చక్రం మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఏ గడిలో ఎవరు ఎవరికి పంపాలో ముందే రాసి ఉంటుంది. దీనికి తోడు గడి గడికీ ఛానెల్ మారుతుంది. చక్రానికి 101 గడులు పెట్టడం పరిపాటి, ఎందుకంటే 101కీ 16కీ ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి ఒకే గడి వరుస చక్రాలలో పదహారు ఛానెళ్ల మీదా తిరిగి వస్తుంది. మీ చెరువుల దగ్గర వైఫై కెమెరాలు ఉంటే వాటి ఛానెల్ మీద పోయిన ఫ్రేము తర్వాతి ప్రయత్నంలో వేరే ఛానెల్ మీద చేరుతుంది.

ఇప్పుడు మీ నలభై నోడ్లకు ఎన్ని గడులు కావాలన్నది చూద్దాము, అసలు విషయం అక్కడే ఉంది. గేట్‌వేకు ఉన్నది ఒక్క రేడియో, అది ఒక గడిలో ఒక్క ఫ్రేమునే అందుకోగలదు. కాబట్టి నలభై కొలతలకు నలభై గడులకు తక్కువ కాదు. మరొక పరిమితి గేట్‌వే పక్కనే ఉండే నోడుది. దాని కొమ్మ మీద (దాని మీదుగా గేట్‌వేకు చేరేవి), తనతో కలిపి, n నోడ్లు ఉన్నాయనుకోండి. అది n−1 ఫ్రేములు అందుకోవాలి, n ఫ్రేములు పంపాలి. ఒకే రేడియోతో రెండు పనులూ ఒకేసారి చేయలేదు కనుక దానికి 2n−1 గడులు కావాలి. వేర్వేరు కొమ్మల మధ్య జోక్యాన్ని వేర్వేరు ఛానెళ్లతో తొలగించగలిగితే, నోడ్ల మొత్తం సంఖ్య, అతి పెద్ద కొమ్మకు 2n−1, ఈ రెండింటిలో ఏది పెద్దదైతే అన్ని గడులతో ఒక విడత కొలతలన్నీ చేర్చవచ్చు. సెన్సర్ నెట్‌వర్క్‌ల మీద పనిచేసేవారికి ఇది బాగా తెలిసిన ఫలితం.

అందువల్ల మీ చెట్టు ఆకారం ఏమిటో చెప్పండి. ఏ కొమ్మ మీదా ఇరవై కంటే ఎక్కువ నోడ్లు లేకపోతే 40 గడులు, అంటే 0.4 సెకను చాలు. అన్నీ ఒకే వైపున వేలాడుతుంటే ఆ పక్కింటి నోడు దగ్గరే ఇరుక్కుంటారు.

ఉండి_చెరువుగట్టు

వశిష్ఠ_తీరం గారికి ధన్యవాదాలు. మా షెడ్డు చెరువుల సముదాయానికి తూర్పు అంచున, రోడ్డు పక్కన ఉంది. కరెంటు అక్కడే ఉంది కాబట్టి గేట్‌వేను అక్కడే పెట్టారు. పడమటి వైపు ఉన్న 30 నోడ్లు వాటిలోని ఒకే నోడు మీదుగా వస్తున్నాయి. మీ లెక్క ప్రకారం 59 గడులు అవుతాయి. ఆ ఒక్క నోడు బ్యాటరీ మిగిలిన వాటికంటే ముందుగా ఎందుకు పడిపోతోందో కూడా ఇప్పుడు అర్థమవుతోంది.

అంబాజీపేట_కొబ్బరి

ముందే రాసిన వంతు కంటే, ఎవరి దగ్గర ఎక్కువ ఫ్రేములు పేరుకుంటే వారికి ముందు అవకాశం ఇవ్వడం న్యాయం కదా? చెరువుల్లో పరిస్థితి రోజూ ఒకేలా ఉండదు.

వశిష్ఠ_తీరం

సిద్ధాంతం మీ వైపే ఉంది. ఒకేసారి జోక్యం లేకుండా పనిచేయగల లంకెల సమూహాలలో, లంకెల రెండు చివరల్లో పేరుకున్న ఫ్రేముల వరుసల మధ్య తేడా మొత్తం ఎక్కడ ఎక్కువో ఆ సమూహాన్ని ప్రతి గడికీ ఎంచుకుంటే, ఏ పద్ధతి మోయగల భారాన్నయినా ఇది మోస్తుందని 1992లో టాసియులస్, ఎఫ్రెమిడెస్ నిరూపించారు. భారం ఎంత వస్తుందో ముందు తెలియనవసరం కూడా లేదు. నాకు ఈ రంగంలో అన్నిటికంటే అందంగా కనిపించే ఫలితం అది. అయితే ప్రతి గడికీ అందరి వరుసల పొడవూ ఒకచోట తెలియాలి. ఆ సమాచారం కూడా అదే గాలిలో, అదే నోడ్ల మీదుగా రావాలి. సరైన సమూహాన్ని ఎంచుకోవడం సాధారణ జోక్య పరిస్థితులలో చాలా కఠినమైన గణన సమస్య కూడాను. మన నోడ్లలో ఉండే చిన్న ప్రాసెసర్లకు, ఈ తరహా ట్రాఫిక్‌కు, ముందుగా రాసిన వంతే నయం. పైగా ఇక్కడ గరిష్ఠ భారం ఎంతో మనకు ముందే తెలుసు: నలభై నోడ్లూ ఒకేసారి మేలుకోవడం. అంతకు మించినది రాదు.

గౌతమి_గట్టు

వంతుల చర్చ బాగుంది, కానీ పోతున్న ఫ్రేములన్నీ గుద్దుకునే పోతున్నాయని అనుకోవద్దని నా విన్నపం. మీ యాంటెన్నాలు నీటికి 3 మీటర్ల ఎత్తున ఉన్నాయన్నారు. గాలి లేని తెల్లవారుజామున, ఏరియేటర్లు ఆగి ఉన్న చెరువు నీరు అద్దంలా ఉంటుంది. నేరుగా వచ్చే తరంగం, నీటి మీద పడి వచ్చే తరంగం కలిసేటప్పుడు ఒకదాన్నొకటి రద్దు చేసుకునే దూరాలు ఉంటాయి. రెండు ఎత్తుల లబ్ధాన్ని రెట్టించి దూరంతో భాగిస్తే దారుల తేడా వస్తుంది. ఆ తేడా ఒక పూర్తి తరంగదైర్ఘ్యానికి, అంటే సుమారు 12.5 సెంటీమీటర్లకు సమానమైన చోట సిగ్నల్ పడిపోతుంది, ఎందుకంటే నీటి మీద ప్రతిఫలించినప్పుడు తరంగం తలకిందులవుతుంది. రెండు వైపులా 3 మీటర్లుంటే ఆ దూరం 144 మీటర్లు. ఒక చెరువు దాటి ఎదుటి గట్టుకు ఇది చాలా మామూలు దూరం.

ఛానెల్ మార్పిడి దీనికి మందు కాదు. దారుల తేడా సెంటీమీటర్లలోనే ఉన్నందున 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు ఈ చివర నుంచి ఆ చివర వరకు వెళ్లినా, అద్దంలాంటి నీటి మీద నష్టం పది డెసిబెళ్లకు పైనే ఉంటుంది. ఎత్తు మార్చాలి. ఒక వైపు 3 మీటర్లు ఉంచి, మరో వైపు 2 మీటర్లకు దింపితే అదే 144 మీటర్ల దూరంలో తేడా 8.3 సెంటీమీటర్లు అవుతుంది, రెండు తరంగాలూ చాలావరకు ఒకదానికొకటి బలమిస్తాయి. చెరువుకు నీరు పెట్టినా తీసినా ఈ లెక్క మారుతుంది కాబట్టి, అంచున ఉన్న లంకెలను రెండు నీటి మట్టాల దగ్గరా పరీక్షించండి.

కత్రేనికోన_లోరా

మెష్ అవసరమా అన్నది నా ప్రశ్న. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. లోరా అనే, తక్కువ వేగంతో ఎక్కువ దూరం పోయే రేడియోతో నలభై నోడ్లూ ఒక్క హాప్‌లో నేరుగా గేట్‌వేకు మాట్లాడతాయి. హాప్‌లు లేవు, వంతులు రాయనవసరం లేదు.

కాకినాడ_రేడియో

లోరా మంచి మార్గమే, కానీ అందులో మాధ్యమం పంచుకునే పద్ధతి ఆలోహా. వినకుండానే పంపడం అన్నమాట. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో మొదలైన ఆ పద్ధతికి గరిష్ఠ సామర్థ్యం 18.4 శాతమే. 20 బైట్ల సమాచారం 125 కిలోహెర్ట్జ్ మీద, స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (సంకేతాన్ని ఎంత సాగదీసి పంపాలో చెప్పే సంఖ్య, పెరిగితే దూరమూ సమయమూ పెరుగుతాయి) 7తో 57 మిల్లీసెకన్లు, 12తో 1.3 సెకన్లు తీసుకుంటుంది. నలభై నోడ్లు నిమిషానికి ఒకటి చొప్పున, యాదృచ్ఛిక సమయాల్లో, ఒకే ఛానెల్ మీద పంపితే మొదటి సందర్భంలో వందకు 92కు పైగా ఫ్రేములు గుద్దుకోకుండా చేరతాయి, రెండో సందర్భంలో 17 మాత్రమే. కనుక నోడ్లు షెడ్డుకు దగ్గరగా ఉండి 7తో పనిచేయగలిగితే నిరభ్యంతరంగా వాడవచ్చు. కొబ్బరి తోటల వెనక ఉండి 12కు వెళితే తెల్లవారుజామున మళ్లీ ఇదే కథ. ఏరియేటరును దూరం నుంచి వేయాలనుకుంటే మరో చిక్కు ఉంది: లోరావాన్ క్లాస్ ఏ నోడు తాను పంపిన వెంటనే తప్ప ఆజ్ఞ వినదు. కరెంటు ఉన్న చోట ఎప్పుడూ వింటూ ఉండే క్లాస్ సీ పెట్టుకోవాలి.

భీమవరం_టవర్

ఈ చర్చ చదువుతుంటే మన జిల్లాలోనే జరిగిన పని గుర్తుకొచ్చింది. బైర్రాజు ఫౌండేషన్ వారి అశ్విని ప్రాజెక్టు పశ్చిమ గోదావరి పల్లెలను దూరపు వైఫై లంకెలతో కలిపింది. భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు గార్లు 2007లో ప్రచురించిన అనుభవాల వ్యాసంలో గంగా మైదానంలోని తమ నెట్‌వర్క్‌తో పాటు దీని గురించీ రాశారు.

అక్కడా చిక్కు ఇదే. వైఫై మాధ్యమ పద్ధతిని ఒక భవనంలోని దూరాలను మనసులో పెట్టుకుని తయారు చేశారు. 5 గిగాహెర్ట్జ్‌లో దాని స్లాటు (ఆగే సమయాన్ని కొలిచే ప్రమాణం) 9 మైక్రోసెకన్లు. పది కిలోమీటర్ల దూరానికి తరంగం వెళ్లడానికే 33 మైక్రోసెకన్లు పడుతుంది. అవతలివారు మాట్లాడడం మొదలుపెట్టిన సంగతి మనకు తెలిసేసరికి మూడు స్లాట్లు దాటిపోతాయి, వినడానికి అర్థమే లేదు. సమాధానం వెనక్కి వచ్చేలోపే పంపినవారు అది పోయిందనుకుని మళ్లీ పంపుతారు. ఐఐటీ కాన్పూర్‌లో ఉండగా వీరే 2005లో ప్రతిపాదించిన 2పీ పద్ధతి వినడాన్నే పక్కన పెట్టింది. ఒక టవర్ మీద వేర్వేరు దిక్కులకు తిప్పిన యాంటెన్నాలు ఒకే ఛానెల్ మీద ఉన్నా, అన్నీ కలిసి పంపుతాయి, తర్వాత అన్నీ కలిసి వింటాయి. ఒకటి పంపుతుంటే పక్కది వినడానికి ప్రయత్నించడమే అసలు నష్టం కనుక దాన్ని లేకుండా చేశారు. అయితే పక్కపక్క టవర్లు ఎప్పుడూ వ్యతిరేక దశలో ఉండాలి, కాబట్టి మూడు టవర్లను త్రిభుజంగా కలిపితే ఇది కుదరదు. షెడ్డు నుంచి ఊరికి వైఫై లంకె వేసుకునేటప్పుడు, దూరానికి తగ్గట్టు నిరీక్షణ సమయాన్ని పెంచుకోవడం, వీలైతే కాలవిభజన ఉన్న పరికరం తీసుకోవడం మరచిపోవద్దు.

దాళ్వా_రైతు

వంతు ఎవరు రాస్తారు? ఒక నోడు పిడుగు పడి పోయిందంటే వెనక ఉన్నవారి దారి మారుతుంది. అప్పుడు మొత్తం మళ్లీ రాయాలా?

వశిష్ఠ_తీరం

మూడు దారులున్నాయి. గేట్‌వే అంతా లెక్కగట్టి పంచడం ఒకటి. 2015లో వచ్చిన ఆర్కెస్ట్రా మరొకటి, అందులో ప్రతి నోడూ తన సంఖ్య నుంచి, తన పై నోడు సంఖ్య నుంచి తన గడిని తానే లెక్కించుకుంటుంది, ఒక్క సందేశమూ అవసరం లేదు. దారి మారితే గడి దానంతటదే మారుతుంది. మూడోది 2021 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9033లోని ఎంఎస్‌ఎఫ్. కేటాయించిన గడుల్లో 75 శాతానికి మించి వాడుక ఉంటే మరొకటి అడిగి తీసుకుంటుంది, 25 శాతానికి దిగితే ఒకటి వదులుకుంటుంది.

నా అభిప్రాయంలో మీకు ఎంఎస్‌ఎఫ్ వద్దు. రోజంతా ఖాళీగా ఉండి గడులు దాదాపు అన్నీ వదులుకున్న నెట్‌వర్క్, నాలుగు గంటలకు అందరూ ఒకేసారి మేలుకున్నప్పుడు అదనపు గడుల కోసం బేరమాడవలసి వస్తుంది. గడులు ఎప్పుడూ గరిష్ఠ భారానికే రాసి ఉంచండి. వాడని గడిలో వినే నోడుకు అయ్యే ఖర్చు 2.2 మిల్లీసెకన్లే, 101 గడుల చక్రంలో అలాంటి గడి ఒకటి ఉంటే రేడియో మేలుకుని ఉండే సమయం 0.22 శాతం. కొమ్మల చివర ఉండే నోడ్లకు ఇది లెక్కలోనిది కాదు. షెడ్డు పక్కన ఉండే నోడుకు గడులు ఎక్కువ కనుక దానికి పెద్ద సోలార్ పలక పెట్టండి.

గడియారాల సంగతి కూడా చూసుకోవాలి. ఆ 2.2 మిల్లీసెకన్ల కిటికీ అంటే ఇటు 1.1, అటు 1.1. రెండు నోడ్ల స్ఫటికాలు చెరో 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) వ్యతిరేక దిశల్లో తప్పితే సెకనుకు 40 మైక్రోసెకన్ల తేడా పేరుకుని, 27 సెకన్లలో కిటికీ దాటిపోతుంది. ఫ్రేములేవీ లేకపోయినా అంతకంటే ముందే ఒకసారి పలకరించుకునేలా అమర్చండి.

ఉండి_చెరువుగట్టు

ఇక మేము చేయబోయేది ఇది. గేట్‌వేను షెడ్డు మీద నుంచి చెరువుల నడిమి గట్టుకు మారుస్తాము, పడమటి కొమ్మ రెండుగా విడిపోతుంది. చెరువు దాటే లంకెల్లో ఒక వైపు యాంటెన్నాను దింపుతాము. విరామాన్ని నిమిషానికి పెంచుతాము. ఏరియేటరు వేశాక కోలుకుంటున్నదీ లేనిదీ రైతులు చూసుకోవాలంటే అది చాలు. ఆ తర్వాత 101 గడుల చక్రంతో టీఎస్‌సీహెచ్, ఆర్కెస్ట్రాలో పంపేవారి సంఖ్యను బట్టి గడి వచ్చే రకం. హెచ్చరిక మాత్రం నెట్‌వర్క్ మీద ఆధారపడకుండా, నోడు దగ్గరే సైరను, ఏరియేటరు రిలే పెట్టాలని రైతులు గట్టిగా అంటున్నారు. వారి మాట సరైనదే, నాలుగు హాప్‌ల అవతలి నిర్ణయం కోసం రొయ్య ఆగదు.

కాకినాడ_రేడియో

నడిమి గట్టుకు మార్చేటప్పుడు గేట్‌వేకు సొంత బ్యాటరీ తప్పక పెట్టండి. టీఎస్‌సీహెచ్‌లో కాలానికి మూలం గేట్‌వేయే. కరెంటు పోయి జనరేటరు అందుకునే లోపు అది ఆగి మళ్లీ మొదలైతే గడుల లెక్క సున్నా నుంచి వస్తుంది, నోడ్లన్నీ మళ్లీ చేరవలసిందే. చేరడానికి నోడు ఒక ఛానెల్ మీద చెవి పెట్టుకుని కూర్చుంటుంది, నెట్‌వర్క్‌లో చేరమని పిలిచే సూచన సందేశం మాత్రం చక్రానికొకసారి ఛానెల్ మారుతూ వస్తుంది కాబట్టి అది తన ఛానెల్‌కు తిరిగి రావడానికి పదహారు చక్రాలు, అంటే 16 సెకన్లు పట్టవచ్చు. పై నోడు చేరితే గాని కింది నోడు చేరలేదు. నాలుగు హాప్‌ల దూరంలోని చెరువుకు నిమిషం దాటవచ్చు, మధ్యలో ఒక సూచన పోతే ఇంకొక 16 సెకన్లు. మన వైపు కరెంటు పోయేది కూడా చాలాసార్లు ఆ తెల్లవారుజామునే, ఏరియేటర్లన్నీ ఒక్కసారి వేసినప్పుడే.